సిగరెట్టు కంపు: టీకా తాత్పర్య సహితం

పొగను బోవఁ జేయఁ బూఁత చాలదు సుమ్ము
గోడఁ గడుగవలయు గుడ్డతోడ
తెరల నుతికి యెండఁ దీరుగా నారేసి
ఫ్యాను దిప్పుమయ్య బయటివైపు

అవతారిక: పద్యం ఆటవెలది. కట్టింది ఈ టీకాకారుడే కనుక కవిహృదయం అంతుబట్టలేదని తప్పించుకునే వీల్లేదు. అనవసరమైనది ఒక్క ముక్కా రాయనన్నాడు మన మెతుకుసీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఆయనకు అద్దె కొంపల బాధ తెలియదు.

ప్రతిపదార్థం: పొగను = సిగరెట్టు పొగను; పోవన్ చేయన్ = వదిలించడానికి; పూత = పాతవాళ్లు ఖాళీ చేశాక ఓనరుగారు కొట్టించే ఒక్క కోటు డిస్టెంపరు; చాలదు సుమ్ము = ఎంతమాత్రం సరిపోదు; గుడ్డతోడన్ = చిరిగిన బనీనుతో; తెరలన్ = కర్టెన్లను; అయ్య = ఓ కిరాయిదారుడా; బయటివైపు = కిటికీ అవతలికి, హాల్లోకి కాదు.

తాత్పర్యం: కంపు గాలిలో లేదు, గోడలో ఉంది. ముందు గోడ సంగతి చూడు.

విశేషాలు: ‘పొగను’ అన్నచోట లక్ష్యార్థం గ్రహించాలి. అసలు పొగ ఎప్పుడో పోయింది. మిగిలింది దాని జిడ్డు. నికోటిన్, తారు కలిసి గోడకు, ఫ్యాను రెక్కలకు, పరుపుకు, చెక్క అల్మారాకు పట్టేసి, తలుపులు మూసినప్పుడల్లా కాస్త కాస్త గాలిలోకి వస్తుంటాయి. ముక్కుకు ఇబ్బంది మాత్రమే అనుకోకండి. గోడనంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారక నైట్రోసమైన్లు తయారవుతాయని అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలవారు 2010లో చూపించారు. ఆ ఆమ్లం గ్యాసు పొయ్యి వెలిగే ఇంట్లోనూ పుడుతుంది.

ఇక్కడ పూర్వపక్షం: సాంబ్రాణి వేస్తే పోదా? పోదు. పొగకు పొగ తోడవుతుంది. రూం ఫ్రెషనర్ కొడితే మల్లెపూల మధ్య యాష్‌ట్రే పెట్టినట్టుంటుంది. ఓజోను యంత్రం పెట్టిస్తామనేవాళ్లూ ఉన్నారు. ఆ ఓజోను ఊపిరితిత్తులకు చేటు, వద్దు.

‘గోడఁ గడుగవలయు’ అన్నదే పద్యానికి ప్రాణం. నికోటిన్‌ది క్షార గుణం, అందుకే పులుపుకు లొంగుతుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, కిటికీలు తెరిచి, కింది నుంచి పైకి తుడవాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడిగోడ మీద చారలు కడతాయి. రెండు చేతుల మేర తుడిచేసరికి బనీను డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే, కానీ అందులో ఒక తృప్తీ ఉంది. సీలింగు మరవకూడదు, పొగ పైకే పోతుంది కదా. చిక్కల్లా మామూలు డిస్టెంపరుతోనే. తడిగుడ్డకు అది కూడా ఊడొస్తుంది. అప్పుడు గీకించి, మరకను లోపలే బిగించే ఆయిల్ ప్రైమర్ వేయించి, ఆ తర్వాతే రంగు. ప్రైమర్ మానేస్తే, నీళ్లతో కలిపే రంగులోంచి పసుపు మరక తొలి వానల నాటికి తొంగిచూస్తుంది.

తెరల సంగతి తెలిసిందే. ఏసీ ఉంటే ఫిల్టరు కడగడంతో సరిపెట్టక కాయిల్ సర్వీసు కూడా చేయించాలి.

‘అయ్య’ అన్న సంబోధన పాదపూరణకు వేసింది కాదు. తాగింది అయ్యగారు, తుడిచేది మాత్రం ఇంటావిడో పనమ్మాయో. ఆ అన్యాయం కూడదనే కవి ఆయననే పిలిచాడు. ఇంట్లో కాల్చడం మానకుండా గోడలు కడిగినా దండగే. తాతల చుట్టలకు వీధరుగుండేది, పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. మూడో అంతస్తు ఏసీ గదికి ఆ సౌకర్యం లేదు. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది, కంపు వదిలించే బోర్డు మటుకు ఎక్కడా లేదు.

ఫలశ్రుతి: అద్దెకు దిగబోయే పాఠకులారా, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే పడకగది తలుపు వెనక, ఫ్యాను రెక్క మీద తడి గుడ్డతో ఒకసారి రుద్దండి. గుడ్డ పసుపెక్కి కంపు కొడితే, గీకుడు, ప్రైమరు ఖర్చు ఓనరుదేనని అగ్రిమెంటులో రాయించుకోండి.