గోడ మీది దేవుళ్లు

మా వీధి మలుపులో ఒక ప్రహరీ గోడ ఉంది. దాని మీద 'ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు' అని రాసిన రోజు నుంచి జనానికి చోటు వెతుక్కునే శ్రమ తప్పింది. జరిమానా అంకె కూడా వేయించారు. గురి చూసుకోవడానికి పనికొచ్చింది. చివరికి గోడ యజమాని వరసగా టైల్స్ అతికించాడు: వెంకన్న, సిలువ, మసీదు గుమ్మటం, మధ్యలో సాయిబాబా. మర్నాటికి గోడ ఆరింది. పక్క గోడ తడిసింది.

దీన్నే ఆర్థికవేత్తలు 'నడ్జ్' అంటారు. బలవంతం చెయ్యకుండా మోచేత్తో అలా పొడిచి మనిషిని దారికి తేవడం. దీని మీద 2008లో సన్‌స్టీన్‌తో కలిసి పుస్తకం రాసిన రిచర్డ్ థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది. మా గోడాయనకు టైల్స్ డబ్బులైనా రాలేదు.

బ్రిటన్ సర్కారు 2010లోనే ఇందుకోసం ఒక బృందాన్ని పెట్టుకుంది. మనవాళ్లు 2018-19 ఆర్థిక సర్వేలో ఏకంగా ఒక అధ్యాయం రాశారు. పన్ను బాగా కట్టినవాళ్ల పేర్లు రోడ్లకు పెట్టాలట, వాళ్లను విమానం ముందుగా ఎక్కించాలట. అప్పు ఎగ్గొడితే పాపమన్న శాస్త్రం కూడా గుర్తుచేశారు. బ్యాంకులకు టోపీ పెట్టినవాళ్లు అప్పటికే విమానం ఎక్కేశారు, ఎవరూ ముందు ఎక్కించకుండానే.

ఈ మోచేతి పోటు మా ఇంటికీ తగిలింది. మా బాబాయి ఓసారి ఫోన్లో గ్యాస్ బుక్ చేస్తూ తడబడి ఏదో అంకె నొక్కాడు. రెండు నెలల తర్వాత పాస్‌బుక్ చూసుకుంటే తెలిసింది, తాను సబ్సిడీని దేశానికి ధారపోశానని. పొడిస్తే పొడవండి, కాదనను. తిరిగి చూస్తే ఆ మోచెయ్యి ఎవరిదో కనపడాలి కదా!

2023 నవంబరులో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలకు 13 రకాల మాయోపాయాలు నిషేధించింది. అడగని సరుకు బుట్టలో వెయ్యకూడదు, వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చెయ్యకూడదు. భేష్. మరి స్వచ్ఛ భారత్ రోజుల్లో తెల్లవారుజామున చెంబు పట్టుకెళ్లేవాడి వెనక ఈలలు వేసి, మెడలో దండ వేసి పంపింది ఏ దుకాణం వాళ్లో?

మొన్న గోడాయన కనిపిస్తే అడిగాను, "టైల్స్ బదులు ఇక్కడో మూత్రశాల కట్టించమని అర్జీ పెట్టకపోయారా?"

"పెట్టానండీ. ఆఫీసర్లు వచ్చి చూశారు కూడా."

"ఏమన్నారు?"

"ఈ టైల్స్ ఎక్కడ కొన్నారని అడిగారు."