టార్చి కాకా

బన్సీలాల్‌పేట్‌లో నడుస్తూ నడుస్తూ నొసలు రుద్దుకున్నారంటే అయిపోయారే. టీ హోటల్ ముందు బెంచీ మీంచి టార్చి కాకా చూసేస్తాడు. "ఇట్ల రా బిడ్డా" అంటాడు. మరుక్షణం సెల్‌ఫోన్ టార్చి కంట్లో పడుతుంది. లేని తలనొప్పి కూడా ఆ వెలుతురుకి మొదలవుతుంది.

గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. అక్కడైతే ఓపీ చీటీ రాయించుకోవాలి, లైన్లో నిలబడాలి, అంతా అయ్యాక డాక్టరు "పరీక్ష చేసి చూద్దాం" అంటాడు. కాకాకు చూద్దాం అనే మాటే తెలీదు. 2022 డిసెంబరులో ఇక్కడి పాత మెట్లబావిని బాగుచేసి తెరిచాక, ఎండకు కళ్లు చికిలించుకుంటూ వచ్చే కొత్త పేషెంట్లు కూడా తోడయ్యారు.

ఒకప్పుడు ఏ కన్ను గుంజినా "వేడి చేసింది" అనేవాడు. తర్వాత గ్యాస్ యుగం వచ్చింది. పొట్టలో పుట్టిన గ్యాస్ మెడ మీదుగా కనుగుడ్ల వెనక్కి ఎలా చేరుతుందో ఆర్టీసీ బస్సు రూటు చెప్పినట్టు స్టాపులతో సహా చెప్పేవాడు. ఆపైన సైనస్. నుదురు బొటనవేలితో నొక్కి "నొస్తుందా?" అంటాడు. అంత గట్టిగా నొక్కితే ఎవరికి నొయ్యదు? జనం సైనస్ అనుకునే తలనొప్పుల్లో చాలామటుకు పార్శ్వనొప్పేనని డాక్టర్లు చెబుతారు. అది ఉన్నవాళ్లకు వెలుతురు పడదు. వాళ్ల కంట్లోనే కాకా టార్చి కొడతాడు.

ఇప్పుడు నడుస్తున్నది ఫోన్ యుగం. ఇందులో నిజముంది. తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గిస్తాం, కళ్లు పొడిబారి మండుతాయి. ఈ సంగతి కాకాకు వాట్సాప్‌లో వచ్చింది. రాత్రి ఒంటిగంటకు చదివాడు.

నొప్పి మాత్రలు పంచడంలో ఆయన చెయ్యి పెద్దది. నెలలో సగం రోజులు అవి మింగితే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది. ఆయనకు పాత పేషెంట్లు ఎక్కువ ఉండటానికి కారణం అదే.

సాయంత్రమయ్యేసరికి ఆయన తలే పగిలిపోతుంటుంది. పేపరు చెయ్యి చాపినంత దూరం పట్టుకుంటాడు. చెయ్యి చాలకపోతే ఎదుటి బెంచీవాణ్ని పట్టుకోమంటాడు. నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారమే. సర్కారువారి కంటి వెలుగు శిబిరంలో ఉచితంగా ఇచ్చిన కళ్లజోడు చొక్కా జేబులో మాత్రల పక్కనే పడుంటుంది. "డాక్టర్‌కే అద్దాలుంటే పేషెంట్ నమ్ముతడా?" అంటూ నుదుటికి అమృతాంజనం పట్టిస్తాడు. 1893లో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. కాకా పత్రిక చదివి తలనొప్పి తెచ్చుకుని ఆ బాకీ తీరుస్తున్నాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఓ సాయంత్రం ఒక ఆటో అతను వచ్చాడు. కన్ను ఎర్రగా ఉంది, చూపు మసక, దీపాల చుట్టూ రంగుల వలయాలు, పైగా వాంతులు. కాకా టార్చి తియ్యలేదు. "ఇది నా కేస్ కాదు, నడువ్ గాంధీకి" అని ఇంకో ఆటో పిలిచి, పక్కన కూర్చుని తీసుకెళ్లాడు. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే నీటికాసుల జబ్బు అది. గంటలు గడిచేకొద్దీ చూపు పోయే ప్రమాదం. కాకా జన్మలో సరిగ్గా పట్టుకున్న కేసు అదొక్కటే. ఆ జబ్బుకు మాత్రం ఆయన ఏ పేరూ పెట్టలేదు.

అలాంటి గుర్తులుంటే మీరూ ఎక్కడా ఆగకండి. మామూలు గుంజుడైతే తీరిక చూసుకుని కళ్ల పరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు దయచేసి కాకానీ వెంటబెట్టుకెళ్లండి.