గడప లేని ఇంటికి మ్యూజియమా!

ఆ మధ్య ఒకటో తారీఖున అద్దె కట్టడానికి వెళ్లి, మా ఓనరు చెవిన ఓ మాట వేశాను. "నేను పోయాక ఈ పోర్షన్‌ను మ్యూజియం చేస్తారేమోనండీ. రచయితల ఇళ్లు అలా చేస్తుంటారు."

ఆయన డబ్బు లెక్కపెట్టడం ఆపి ఆలోచనలో పడ్డాడు. "మ్యూజియమంటే మీటరు కమర్షియల్ కింద పడ్తదా సార్?" అన్నాడు. ఆ వెంటనే అసలు సందేహం బయటపెట్టాడు. "అప్పుడు కిరాయి ఎవరిస్తరు?"

మాది మహేశ్వరం. అక్కన్న మాదన్నల పేరు చెప్పుకునే గుడి ఉన్న ఊరు. అయితే ఇప్పుడు మా ఊరి చిరునామా గుడితో చెప్పరు, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఎన్ని నిమిషాలో చెబుతారు. 2008లో అక్కడ విమానాలు ఎగరడం మొదలైంది. వాటికంటే ఎత్తుకు గజం రేటు ఎగిరింది. ఇలాంటి చోట ఓ ఇల్లు యాభై ఏళ్లు నిలబడితే అది రచయితది కాకపోయినా మ్యూజియంలో పెట్టాల్సిందే.

పైగా మా పోర్షన్‌కు ఓ లోపం ఉంది. గడప లేదు. స్కూటర్ లోపలికి ఎక్కదని ఓనరు తీయించేసి గ్రానైట్ పరిపించాడు. రచయితల ఇళ్ల చరిత్ర చూస్తే కథంతా గడప దగ్గరే ఉంది.

నాంపల్లి దగ్గరి సరోజినీ నాయుడు ఇంటి పేరు 'గోల్డెన్ త్రెషోల్డ్'. అంటే బంగారు గడపే. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరూ అదే. 1970ల్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆ ఇంట్లోనే పురుడు పోసుకుని, తర్వాత గచ్చిబౌలికి నడిచింది. ఇక తిరుమలకు గడప కాబట్టే కడపకు ఆ పేరొచ్చిందంటారు. 1820లో అక్కడికి ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులను సొంత డబ్బుతో జీతాలిచ్చి కూర్చోబెట్టి, చెదలకు పోవాల్సిన తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళాను మనం భద్రంగా శిథిలం కానిచ్చాం. జానమద్ది హనుమచ్ఛాస్త్రి లాంటి వాళ్లు చందాలకు తిరిగితే అదే స్థలంలో లైబ్రరీ లేచింది. దొర తెలుగును నిలబెట్టాడు. దొర గోడల్ని నిలబెట్టడం తెలుగువాళ్ల వల్ల కాలేదు.

అన్నింటికంటే వింత గడప రాజమండ్రిలో ఉంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాక ఊరు ఆయన్ని వెలివేసింది. వంటమనిషి రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి బిందెలు మోసుకొచ్చారు. ఆ ఇల్లు ఇప్పుడు పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న మ్యూజియం. బతికుండగా ఎవరి గడప తొక్కితే మైల అన్నామో, పోయాక వాళ్ల గడప ముందు సెల్ఫీ దిగుతాం. మ్యూజియంలో ఉన్న పెద్ద సుఖం అదే. అక్కడి మనిషి మనకు ఎదురు ప్రశ్న వేయడు.

విజయనగరంలో గురజాడ ఇల్లూ స్మారకమే. ఆయన నాటకం కన్యాశుల్కం తొలిసారి ఆడింది 1892లో. అందులోని గిరీశం ఈ కాలంలో ఉంటే అక్కడ గైడు ఉద్యోగం కొట్టేసి, వెంకటేశాన్ని టిక్కెట్ల కౌంటర్లో కూర్చోబెట్టి, పుస్తకం చదవకుండానే గంటన్నర ఉపన్యాసం దంచేవాడు. వినేవాళ్లూ చదివుండరు కాబట్టి తేడా తెలిసేది కాదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. 1786లో జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ షేక్‌స్పియర్ ఇంటికి వెళ్లి, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆయన కుర్చీ నుంచి ఓ ముక్క చెక్కుకున్నారు. తర్వాత ఇద్దరూ అమెరికా అధ్యక్షులయ్యారు. నాటకం పట్టుకెళ్తే బుర్రకు పని. చెక్కముక్కయితే జేబులో పడుంటుంది.

నా కుర్చీతో ఆ బెంగ లేదు. అది ప్లాస్టిక్‌ది. ఒక కాలికి బైండింగ్ వైరు చుట్టి ఉంది. మిగతా ప్రదర్శన వస్తువులు: 'పరిశీలనలో ఉంది' అని వచ్చిన ఉత్తరాలు ఒక సంచెడు, విమానం వెళ్లినప్పుడల్లా గడగడలాడే కిటికీ అద్దం, ఆ మోతకు సగంలో ఆగిపోయిన వాక్యాలు.

ఇదంతా ఓనరుకు వివరించబోయాను. ఆయన ఓపిగ్గా విని, తన వార్త చెప్పాడు. "స్థలం డెవలప్‌మెంటుకు ఇస్తున్న సార్. రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలె."

చేశాను. నా మ్యూజియం మొత్తం ఒక్క టాటా ఏస్‌లో పట్టింది. నాకిది ఏడో ఇల్లు. నేను పోయాక ప్రభుత్వానికి ఎన్ని శాఖలు తెరవాలో తలుచుకుంటేనే జాలేస్తోంది.

మర్నాడు ఓనరు ఫోను. "అటక మీద పుస్తకాలు మరిచిండ్రు సార్. పాత పేపరాయన వచ్చిండు. కిలో పన్నెండు అంటుండు, ఇయ్యాల్నా?"

"పదిహేను అడగండి" అన్నాను. గురజాడ స్థాయి కాకపోయినా నాకూ ఓ రేటుండాలిగా!

అవతల త్రాసు చప్పుడు, బేరం. కాసేపటికి మళ్లీ ఆయనే. "ఒకటి తక్కువైతది సార్. మా చిన్నపిల్ల మెట్ల మీద పట్టుకొని కూసున్నది, సగం సదివిందట. ఇమ్మంటే ఇస్తలేదు. దానికి పైసలు పట్టుకోవాల్నా?"