ఒంటి మీద గీత లేని సాక్షి

నా పెద్ద ఒంట్లోంచి నేను ఊడిపడ్డ రోజు దగ్గర మొదలుపెడతాను. అంతకు ముందు సంగతులన్నీ వరసగా చెప్పాలంటే వినేవాళ్లకు ఓపిక ఉండదు.

ఒరిస్సాలో తాల్చేర్ అనే సంస్థానం, అక్కడ బ్రాహ్మణి నదిలోకి పోయే ఒక వాగు. ఆ వాగు గట్టులో సగం మట్టిలో, సగం గాల్లో కూర్చున్న గుండురాయి ఒకటి ఉండేది. ఎడ్లబండి మీదికెత్తితే ఇరుసు విరిగేంత లావు. పశులకాపర్లు దాని మీద కూర్చుని చద్దన్నం తినేవాళ్లు. అదే నేను, అంటే అప్పటి నేను. 1855-56 చలికాలంలో ఇద్దరు తెల్ల కుర్రాళ్లు ఆ వాగులో దిగారు. అన్న విలియం బ్లాన్‌ఫర్డ్‌కు 23 ఏళ్లు, తమ్ముడు హెన్రీకి 21. లండన్‌లో రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదువుకుని, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కొలువు దొరికి, ఓడ దిగి ఎన్నాళ్లో కాలేదు. వాళ్లొచ్చింది బొగ్గు నేలల లెక్క తేల్చడానికి. నాతో వాళ్లకేం పని లేదు.

అయినా అన్న సుత్తి ఎత్తి నా భుజం మీద ఒకటి వేశాడు. సుత్తి ఎగిరింది గానీ నేను చెక్కు చెదరలేదు. రెండో దెబ్బ అంచు చూసి, కాస్త వాలుగా వేశాడు. పిడికిలంత ముక్క ఠక్కున ఊడి నీళ్ల పక్కన పడింది. ఈ కథ చెబుతున్నది ఆ ముక్కే. అతను నన్ను తీసుకుని, కొత్తగా విరిగిన ముఖాన్ని నాలుకతో తడిపి ఎండకు పెట్టి చూశాడు. తడిస్తే రాయి రంగు తేలుతుంది. గులాబీ చాయ ఫెల్‌స్పార్, గాజుపెంకులాంటి క్వార్ట్జ్, నల్ల అభ్రకం చారలు. నైస్ రాయి అన్నాడు. అంతా అరనిమిషం. ఆ తర్వాత నన్ను గట్టు మీద పడేసి, నేను కూర్చున్న మట్టిని ఇద్దరూ వంగి వంగి చాలాసేపు చూశారు.

నాకు చిన్నతనమనిపించింది. ఇంత రాయి ఎదురుగా ఉంటే చూసి చూసి మట్టినా? లేత ఆకుపచ్చ రంగు, ముగ్గుపిండిలా మెత్తన. గట్టిపడిన చోట గోరు తగిలిస్తే సూదుల్లా విరుగుతుంది. అందులో ఏముందని?

అంతా అందులోనే ఉందని వాళ్ల మాటలు వింటే తెలిసింది. మీ ఇళ్లలో చేటతో చెరగడం చూసే ఉంటారు. పొట్టు ఒకవైపు, నూకలు ఒకవైపు, మట్టిబెడ్డలు ఒకవైపు. పారే నీటిది అచ్చం చేట బుద్ధి. వరద పొంగితే గుండ్లు దొర్లుతాయి. జోరు తగ్గితే గులకరాళ్లు ఆగిపోతాయి, ఇంకా తగ్గితే ఇసుక, నీరు నిలకడైతే గానీ ఒండ్రు దిగదు. నన్ను దొర్లించగల వరదలో ఆ పిండిమట్టి నిలవదు. ఆ మట్టి దిగేంత నెమ్మది నీటికి నన్ను కదిలించే సత్తువ లేదు. మరి మేమిద్దరం ఒకే పడకలో ఎలా పడ్డాం? పైగా నా పక్కనున్న రాళ్లలో ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఒక్కొక్కటి ఒక్కో కొండ బిడ్డ.

చెరగడం తెలియకుండా, దొరికిందల్లా మూటగట్టి మోసుకొచ్చేది ఒకటి ఉంది. మంచు.

ఆ ప్రయాణం నాకు బాగా గుర్తు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు మీరు ఇండియా అంటున్న నేల అప్పుడు దక్షిణాన చాలా దూరంలో, ఆఫ్రికాతో, అంటార్కిటికాతో, ఆస్ట్రేలియాతో కలిసి ఒకే ఖండంగా ఉండేది. నేను పుట్టిన కొండ మీద కురిసిన మంచు కరగకుండా ఏడాది మీద ఏడాది పేరుకుంది. కింది మంచు పై బరువుకు నలిగి గాజుగడ్డలా బిగిసి, బెల్లప్పాకం జారినట్టు పల్లానికి జారడం మొదలుపెట్టింది. ఆ గడ్డ అడుగున ఇరుక్కున్న రాళ్ల పాట్లు పగవాడికి కూడా వద్దు. కింద బండ, పైన కొండంత బరువు. ఒరుసుకుని ఒరుసుకుని, సాన మీద అరగదీసినట్టు ఒక పక్క చదునైపోతుంది. ఆ చదును మీద దువ్వెన పెట్టి గీసినట్టు గీతలు పడతాయి. అడుగు బండ మీదా అవే గీతలు. నా అదృష్టం అనాలో దురదృష్టం అనాలో, నేను గడ్డ నడుమ చిక్కాను. ఒంటి మీద గీత పడకుండా అంచు దాకా వచ్చి, విరిగిన మంచుగడ్డతో చల్లటి సరస్సులో తేలి, గడ్డ కరగగానే బుడుంగున మునిగి ఒండ్రులో కూరుకుపోయాను.

గీత లేకపోవడం ఇంత తంటా తెస్తుందని అప్పుడు నాకేం తెలుసు!

అన్నదమ్ములిద్దరూ, వాళ్లతో పనిచేసిన విలియం థియోబాల్డూ కలిసి 1856లో తాల్చేర్ బొగ్గు నేల గురించి రాస్తూ, ఈ గండశిలల పొరను మంచే తెచ్చిందని పెట్టారు. ఒరిస్సా ఎండలో కూర్చుని ఇక్కడ ఒకప్పుడు మంచు ఉండేదని రాయడానికి గుండె కావాలి. యూరప్‌ను ఒకప్పుడు మంచు కప్పేసిందని అగాసీ పుస్తకం రాసి అప్పటికి 16 ఏళ్లే. అదైనా నిన్నమొన్నటి మంచు గురించి. బొగ్గుకన్నా పాత పొరలో, అదీ ఉష్ణమండలంలో మంచు అంటే నవ్వేవాళ్లే ఎక్కువ. లండన్‌లో వీళ్లకు పాఠం చెప్పిన రామ్సే ఒక్కాయన 1855లో, ఇంగ్లాండులోని పెర్మియన్ కాలపు రాళ్లను మంచే తెచ్చిందని వాదించాడు. తమాషా ఏమిటంటే ఆ ఇంగ్లాండు రాళ్లు మంచువి కావని తర్వాతివాళ్లు తేల్చారు. గురువు తప్పిన చోట శిష్యులు నెగ్గారు.

అయితే ఒక్క మాట. వాళ్లు నన్ను తెచ్చింది హిమానీనదం అనలేదు, ‘నేల మంచు’ అన్నారు. ఏటి అడుగునా ఒడ్డునా గడ్డకట్టి, రాళ్లను పట్టుకుని పైకి తేలే మంచు అది. ఖండాన్ని కప్పిన మంచులో దర్జాగా వచ్చినదాన్ని ఏటిమంచు బాపతుగా రాశారని నాకు కొన్నాళ్లు గుర్రుగానే ఉండేది. కానీ ఒంటి మీద ఒక్క గీతైనా చూపించలేని రాయి అంతకన్నా ఎక్కువ మర్యాద ఏ మొహంతో అడుగుతుంది?

నన్ను కాగితంలో చుట్టి, చీటీ అంటించి కలకత్తా తెచ్చారు. మిగతా రాళ్లు పెట్టెల్లోకి పోయాయి. నేను మాత్రం విలియం బల్ల మీద కాగితాలు ఎగరకుండా కూర్చునే ఉద్యోగంలో కుదిరాను. పంఖా లాగేవాడి జోరును బట్టి నా పని ఉండేది. ఇక్కణ్నుంచి ‘ఆయన’ అనే అంటాను. ఒకే బల్ల దగ్గర కొలువు చేసినవాళ్లం, మర్యాద ఉండాలి.

ఆయన సర్వేలో 27 ఏళ్లు చేశారు. అందులో నేను చూసింది బల్ల మీద వాలిన కాగితాల వరకే. రాణిగంజ్ బొగ్గు, బొంబాయి వైపు నల్ల లావా బండలు. రాళ్ల కోసం వెళ్లి నత్తలతో తిరిగొచ్చేవారు. పక్షి తోళ్లు, పాములు, నక్కలు, ఏదీ వదిలే మనిషి కాదు. 1868లో సైన్యం వెంట అబిసీనియాలో మగ్దాలా దాకా పోయొచ్చారు. ఆ రోజుల్లో నా మీద దుమ్ము వేలెడు మందం పేరుకుంది. తుడిచే మనిషికి రాయి అంటే లెక్కలేదు.

తెలుగువాళ్లకు ఒకటి చెప్పాలి. 1871 నాటి కాగితాల్లో మీ ఊళ్ల పేర్లు నేను కళ్లారా చూశాను. నాగపూర్ దగ్గరి కామ్టీ ఇసుకరాళ్లను పట్టుకుని గోదావరి లోయ వెంబడి వచ్చి, అవే రాళ్లు ఏలూరు, రాజమండ్రి చుట్టుపక్కల దాకా సాగాయని, అటువైపు బొగ్గు ఉండే వీలుందని ఆయన రాశారు. అదే ఏడాది ఆయన తోటి ఉద్యోగి విలియం కింగ్‌కు ఇల్లెందు దగ్గర బొగ్గు దొరికింది. సింగరేణి కథకు అదే మొదలు. మంచు వెనక్కి పోయాక ఆ చిత్తడి నేలల్లో పెరిగిన గ్లోసోప్టెరిస్ చెట్లే బొగ్గయ్యాయి. అందుకే బొగ్గు పైన, దాని కింద మేం. మీ గోదావరి లోయలోనూ అడుగున మా తాల్చేర్ పొరే ఉంది. బంధువులమే.

ఇక గీతల సంగతి. 1872లో సర్వేవాళ్లే అయిన థామస్ ఓల్డ్‌హామ్, ఫెడెన్ కలిసి చాందాకు నైరుతిగా, పెన్‌గంగ ఒడ్డున ఇరాయ్ అనే ఊరి దగ్గర మా గండశిలల పొర చూశారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్, మీ ఆదిలాబాద్‌కు ఆవలి గట్టు. అక్కడ రాళ్లు ఒక పక్క అరిగి, గీతలు పడి ఉన్నాయి. ఆ పొర కింద సున్నపురాతి బండ నున్నగా మెరుస్తూ, దాని మీదా అవే గీతలు. ఇన్నేళ్లుగా అందరూ అడిగిన సాక్ష్యం దొరికింది. అది దొరికిన ఏడాది ఆయన ఊళ్లో లేరు. పర్షియా సరిహద్దు కొలిచే కమిషన్‌తో ఎక్కడో ఎడారిలో ఉన్నారు. ఫెడెన్ రాసింది 1875లో అచ్చయింది. ఆ అచ్చు కాగితం తెచ్చి నా కిందే పెట్టారు. గీతలున్న రాళ్ల కబురును గీత లేని రాయి బరువు పెట్టి ఆపాలి, చూడండి నా రాత! అయినా నాకు ఒకటే అనిపించింది. ఇరాయ్ రాయి తన ఒళ్లు చూపించి నమ్మించింది. నా దగ్గర చూపించడానికేమీ లేదు, ఈయన నా పక్క మట్టిని చూసి నన్ను నమ్మారు. పదహారేళ్లు ముందే.

సర్వేలో తోటి ఉద్యోగి మెడ్లికాట్‌తో కలిసి 1879లో ‘మాన్యువల్ ఆఫ్ ది జియాలజీ ఆఫ్ ఇండియా’ తెచ్చారు. దాని రాతప్రతి నా నడుం విరిచింది. 1882లో ఉద్యోగం విరమించి లండన్ వెళుతూ సామాన్లలో నన్నూ వేశారు. ఆ ఏడో మరుసటి ఏడో ఒక రాత్రి కిటికీ చెక్క మీద తెల్లగా ఏదో రాలడం మొదలైంది. దీపం వెలుతురులో పోల్చుకున్నాను. 30 కోట్ల ఏళ్ల తర్వాత చూశాను దాన్ని. మూరెడు దూరంలో, అద్దానికి అవతల. తెల్లారేసరికి కరిగిపోయింది. ఈ మాత్రం మంచుకు లండన్ వాళ్లు కంబళ్లు కప్పుకుంటే నాకు నవ్వొచ్చింది.

1886లో ఆయన మళ్లీ మా విషయం ఎత్తుకున్నారు. ఇండియాలోనూ, ఆస్ట్రేలియాలోనూ అంత పాతకాలంలో మంచు ఉండేదనడానికి కొత్తగా పోగైన సాక్ష్యాలన్నీ ఒక చోట చేర్చి జియలాజికల్ సొసైటీ పత్రికలో రాశారు. మొదటి కాగితానికీ దీనికీ మధ్య ముప్పై ఏళ్లు. కుర్రతనంలో అన్న మాటను ముసలితనంలోనూ వదలని మనుషులు కొందరుంటారు. ఈయన వదలకపోవడానికి మొండితనం కారణం కాదు, రాళ్లు పోగవుతూనే ఉన్నాయి. 1888 నుంచి 1890 దాకా అదే సొసైటీకి అధ్యక్షులుగా కూడా చేశారు.

తమ్ముణ్ని మరిచిపోయాననుకోకండి. హెన్రీగారు 1862లో సర్వే వదిలి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పంతులయ్యారు. 1875లో దేశ వాతావరణ శాఖకు మొదటి అధిపతి. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడాది మన నేలకు వానలు తగ్గుతాయని 1884లో రాశారు. నైరుతి వానల ముందస్తు అంచనా 1886 నుంచి ఏటా ఇవ్వడం ఆయనతోనే మొదలు. మా వాగులో వంగి కూర్చున్న ఆ ఇద్దరిలో ఒకరు పాత మంచును పట్టుకున్నారు, ఒకరు కొత్త మంచును. 1893లో తమ్ముడే ముందు పోయారు. ఆ వారం అన్నగారు బల్ల దగ్గరికి రాలేదు.

ఆఖరి ఏళ్లన్నీ భారతదేశపు జంతువుల మీద పుస్తకాల సంపాదకత్వంలో గడిపి 1905 జూన్‌లో ఆయనా వెళ్లిపోయారు. ఖండాలు కదులుతాయని వెగెనర్ చెప్పింది 1912లో. నేను ఎందుకు వేడి దేశంలో తేలానో ఆ మాటతోనే సరిగ్గా అతికింది. ఏడేళ్లు ఆగి ఉంటే వినేవారు.

సామాన్లు సర్దినవాళ్లకు నేనెవరో తెలియలేదు. చీటీ అప్పటికే ఊడిపోయింది. చీటీ లేని రాయికి మ్యూజియంలో చోటుండదు. ఒక గది తలుపు గాలికి కొట్టుకుంటుంటే దానికి అడ్డం పెట్టారు. ఇప్పటికీ అదే ఉద్యోగం.

నా పెద్ద ఒళ్లు మాత్రం తాల్చేర్ వాగు గట్టులోనే ఉంది. ఇప్పుడక్కడ చుట్టూ బొగ్గు గనులు, థర్మల్ కేంద్రాలు. 2003 నుంచి తాల్చేర్ కరెంటును కోలార్ దాకా తీగల మీద తెచ్చి దక్షిణాది రాష్ట్రాలకు పంచుతున్నారు. మీ ఇంటి ఫ్యానులోనూ కాస్త ఉంటుంది. ఎప్పుడైనా అటు వెళితే, ఆకుపచ్చ మట్టిలో కూరుకున్న పెద్ద గుండు కనిపిస్తే, దాని భుజం మీద పిడికిలంత సొట్ట ఉందేమో చూడండి. ఫొటో తీసుకోండి, కాదనను. కానీ రాయిని ఒక్కదాన్నే తియ్యకండి, పక్క మట్టితో కలిపి తీయండి.