ప్యూర్‌వ్యూ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలము

తే. కన్ను పెద్దది, కోట్లుగా కాంతి తాగు;
వీపు గూనిది, జేబులో పెద్ద బరువు;
ఆత్మ సింబియన్, ముసలిది; యాప్సు లేవు;
బొమ్మ కెదురేది? కొనువాని పుణ్యమెంత!

అవతారిక

2012 ఫిబ్రవరిలో బార్సెలోనా నగరాన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే మహాసభ జరిగింది. అక్కడ ఫిన్లాండు దేశపు నోకియావారు ‘808 ప్యూర్‌వ్యూ’ అనే టచ్‌స్క్రీన్ ఫోనును ప్రవేశపెట్టి, దీని కెమెరా 41 మెగాపిక్సెళ్లది అని చాటారు. ఐఫోన్ వంటి పేరుమోసిన ఫోన్లు 8 మెగాపిక్సెళ్లతో కాలర్ ఎగరేస్తున్న రోజులవి. వినగానే అచ్చుతప్పేమోనని శంకించదగిన సంఖ్య ఇది. అచ్చు సరైనదే. ఆ ఏటి సభలో ఉత్తమ నూతన పరికరమన్న బహుమానం కూడా దీనికే దక్కింది. అటువంటి ఫోను గుణదోషాలను నాలుగు పాదాల్లో కుదించిన తేటగీతి ఇది. కవి తన పేరు చెప్పుకోలేదు. సొంత డబ్బు పెట్టి కొన్నవాడేనని మాత్రం మూడో పాదం చదివినవారెవరికైనా తెలిసిపోతుంది.

ప్రతిపదార్థము

కన్ను = (ఆ ఫోనుయొక్క) కెమెరా సెన్సరు; పెద్దది = తోటి ఫోన్ల సెన్సర్లకంటె విశాలమైనది; కోట్లుగా = కోట్లకొలది పిక్సెళ్లచేత; కాంతి = వెలుతురును; తాగు = గ్రహించును; వీపు = వెనుకభాగము; గూనిది = కెమెరా ఉన్నచోట ఉబ్బి లేచినది; (కనుక) జేబులో = చొక్కా జేబునందు; పెద్ద బరువు = 169 గ్రాముల భారమైనది; ఆత్మ = లోపల నుండి నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్; సింబియన్ = ఆ పేరు గలది; ముసలిది = కాలము తీరవచ్చినది; యాప్సు = లోకులందరు వాడునట్టివి; లేవు = దొరకవు; బొమ్మకు = అది తీసిన ఫొటోకు; ఎదురు ఏది = సాటి ఎక్కడిది; కొనువాని = ఇన్నియు తెలిసి రొక్కము చెల్లించువాని; పుణ్యము = పూర్వజన్మ సుకృతము; ఎంత = ఎంతటిదో కదా!

తాత్పర్యము

ఈ ఫోను సెన్సరు పెద్దది కనుక వెలుతురును విరివిగా గ్రహించును. ఆ కారణముననే వీపు ఉబ్బి, జేబుకు బరువగును. నడిపించు సాఫ్ట్‌వేరు చివరి దశలో నున్నది, పదిమంది వాడు యాప్‌లు దానికి రావు. అయినను ఇది తీసిన ఫొటోకు ఆనాటి ఫోన్లలో సాటి లేదు. దీనిని కొన్నవాడు పుణ్యాత్ముడు అని భావము. పుణ్యము ఫొటోలు చూచుటకు అక్కరకు వచ్చునా, ఫోను వాడుటకు అక్కరకు వచ్చునా అన్నది అలంకార విచారమున తేలును.

విశేషములు

‘కన్ను పెద్దది’: మెగాపిక్సెళ్లు 41 కనుక పెద్దది అన్నాడని కొందరు అర్థం చెబుతారు. అది సాధువు కాదు. కవి లెక్కను ‘కోట్లుగా’ అని వేరే చెప్పాడు కనుక ‘పెద్దది’ అన్నది కొలతకే చెల్లుతుంది. 808 సెన్సరు 1/1.2 అంగుళం తరగతిది. పొడవు పదిన్నర మిల్లీమీటర్లకు కొంచెం పైన, వెడల్పు ఎనిమిది. నాటి ఐఫోన్ 4ఎస్ సెన్సరు 1/3.2 తరగతిది. భిన్నంలో కింది అంకె తగ్గేకొద్దీ సెన్సరు పెరుగుతుందని మరవరాదు. వైశాల్యం కట్టి చూస్తే ఐదు రెట్లకు పైగా తేడా ఉంది. చీకటి ముసిరిన గదిలో ముఖం తేటగా పడాలంటే ఈ వైశాల్యమే దిక్కు. పిక్సెళ్ల సంఖ్యను పెట్టె మీద అచ్చు వేయవచ్చు, వెలుతురు మాత్రం వచ్చిపడటానికి చోటు అడుగుతుంది.

‘కోట్లుగా’: 41 మెగాపిక్సెళ్లంటే నాలుగు కోట్ల పది లక్షల పిక్సెళ్లు. బహువచనం సార్థకం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: “అయ్యా, ఈ ఫోనుతో నలభైయొక్క మెగాపిక్సెళ్ల ఫొటో ఒక్కటైనా తీసి చూపండి!” నిజమే, ఎవరూ చూపలేరు. ఫొటో పొడవు వెడల్పుల నిష్పత్తి 4:3 పెడితే 38 మెగాపిక్సెళ్లు వస్తాయి, 16:9 పెడితే 34 దాటవు. లెన్సు వేసే బింబం గుండ్రన, సెన్సరు దీర్ఘచతురస్రం. ఏ నిష్పత్తి ఎంచుకున్నా కొన్ని పిక్సెళ్లు పని లేక కూర్చోవలసిందే. అది చాలదన్నట్టు, ఫోను తనంతట తాను ఇచ్చేది 5 మెగాపిక్సెళ్ల ఫొటో. “నాలుగు కోట్లు చూపి యాభై లక్షలు చేతిలో పెట్టడం ఏ ధర్మం?” అని పూర్వపక్షం.

సిద్ధాంతం: ఆ యాభై లక్షల కోసమే ఆ నాలుగు కోట్లు. ఒక్కొక్క పిక్సెలు 1.4 మైక్రాన్లది, తక్కువ వెలుతురులో అది పొరబడి, లేని మచ్చలను ఉన్నట్టు చెబుతుంది. న్యాయస్థానంలో ఒక్క సాక్షి తడబడవచ్చు. అదే సంగతిని పక్కపక్కన నిలుచున్న ఏడుగురిని అడిగి సరిచూస్తే నిజం నిగ్గు తేలుతుంది. 808 చేసేది ఇదే, దాదాపు ఏడు పిక్సెళ్ల వాంగ్మూలం కలిపి ఒక చుక్క రాస్తుంది. మచ్చలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి, అసలు రంగు మిగులుతుంది. దీనినే నోకియావారు ప్యూర్‌వ్యూ అన్నారు. జుహా అలకర్హు మొదలైన ఇంజనీర్లు ఏళ్ల తరబడి దీని మీద పని చేశారు. ఇంతటి లెక్కను 1.3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు ఒంటరిగా మోయలేదు కనుక, బొమ్మల పనికి వేరే చిప్పు పెట్టారు.

జూమ్ రహస్యమూ ఇందులోనే ఉంది. ఈ ఫోనులో లెన్సు ముందుకు సాగదు. దూరపు వస్తువు కావాలంటే సెన్సరు అంచులను విడిచి, నడుమ భాగాన్నే తీసుకుంటుంది. 5 మెగాపిక్సెళ్ల ఫొటోకు సుమారు మూడు రెట్ల వరకు ఇలా చేయవచ్చు, లేని చుక్కలను కల్పించనక్కరలేదు. అయితే కొసకు వచ్చేసరికి ఒక్కొక్క చుక్కకు సాక్షి ఒక్కడే మిగులుతాడు. కనుక జూమ్ పెరిగేకొద్దీ నున్నదనం తగ్గుతుంది. దీనిని గుణమని కొందరూ దోషమని కొందరూ అంటారు. మా మతంలో ఇది ఎరిగి వాడుకోదగిన గుణం.

‘వీపు గూనిది’: ఇది కేవలం రూపదోషం కాదు, మొదటి పాదానికి ఫలం. సెన్సరు పెద్దదైతే దాని మీద బింబం పూర్తిగా పరుచుకోవటానికి లెన్సు దూరం జరగాలి. కాంతికి ఆ దారి ఇవ్వక తప్పదు. కాబట్టి 13.9 మిల్లీమీటర్ల ఫోను కెమెరా దగ్గర దాదాపు 18 మిల్లీమీటర్లకు లేచింది. బల్ల మీద పెడితే చదునుగా ఆనదు. గూని పోవాలంటే కన్ను చిన్నదవ్వాలి, కన్ను ఉండాలంటే గూని భరించాలి. ఈ కార్యకారణ సంబంధం తెలిసే కవి రెండు పాదాలనూ ఆనుకొని నిలిపాడు.

పాఠాంతరము: అభిమానుల ప్రతులలో ‘జేబులో పెద్ద బరువు’ అన్నచోట ‘జేబులో వెలుగు బరువు’ అని ఉంది. యతికీ గణాలకూ లోపం లేదు. ఈ పాఠాన్ని బట్టి బరువు నింద కాదు, ఈ ఫోనులోని జెనాన్ ఫ్లాష్‌కు స్తోత్రం. నేటి ఫోన్లలోని ఎల్‌ఈడీ దీపం మినుకుమనేది, జెనాన్ ఒక్క మెరుపుతో గదంతా వెలిగించి, పరుగెత్తే పిల్లవాణ్ణి కదలనట్టు నిలబెట్టి చూపేది. పాఠం రసవంతమే గాని, ఫోను జేబులో వేసుకొని రోజంతా తిరిగినవారు మాత్రం మొదటి పాఠాన్నే ప్రామాణికమంటారు.

‘ఆత్మ సింబియన్, ముసలిది’: సింబియన్ సంస్థ 1998లో ఏర్పడింది. పద్నాలుగేళ్లకే ముసలితనమా అని శంక. సాఫ్ట్‌వేరుకు వయసు పుట్టిన తేదీని బట్టి కాదు, కన్నవారి శ్రద్ధను బట్టి లెక్కించాలని సమాధానం. మీటల ఫోన్ల కాలంలో రూపుదిద్దుకొన్న సింబియన్‌కు తాకుడు తెర తర్వాత వచ్చి చేరింది. పైగా 2011 ఫిబ్రవరి 11న నోకియా అధిపతి స్టీఫెన్ ఎలాప్, ఇకపై మా దారి విండోస్ ఫోన్ అని ప్రకటించేశాడు. 808 వెలువడింది ఆ తర్వాత ఏడాదికి. అంటే కర్మకాండకు ఏర్పాట్లు మొదలైన ఇంట్లో పుట్టిన బిడ్డ ఇది. 2013 జనవరిలో నోకియావారే ఇది తమ చివరి సింబియన్ ఫోను అని తేల్చిచెప్పారు. కొత్త కన్ను కోసం శ్రమపడ్డ ఏళ్లు గడిచేలోగా ఆత్మకు ఆయువు తీరింది. ఈ పద్యంలోని కరుణరసమంతా ఈ ఒక్క పాదంలోనే ఉంది.

‘యాప్సు లేవు’: ఆకారానికి ‘యా’ చెల్లుతుంది కనుక యతి నిర్దుష్టం. లోపం యాప్‌ల దుకాణంలోనే. వాట్సాప్ ఉన్నది కదా, ‘లేవు’ అనటం అతిశయోక్తి కాదా అని ఆక్షేపం. ఉన్నమాట నిజమే, కాని 2017లో వాట్సాప్‌వారూ సింబియన్‌కు సెలవిచ్చారు. అతిశయోక్తి ఐదేళ్లలో స్వభావోక్తిగా మారింది. ఇంతకంటె విచిత్రం ఇన్‌స్టాగ్రామ్ సంగతి. 808 అంగళ్లకు చేరిన 2012లోనే, ఏప్రిల్‌లో, ఇన్‌స్టాగ్రామ్ ఆండ్రాయిడ్‌లో అడుగుపెట్టింది. కొద్దిరోజులకే ఫేస్‌బుక్‌వారు దానిని 100 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించారు. లోకమంతా ఫొటోలు పంచుకోవటం మొదలుపెట్టిన ఆ ఏటనే, అందరికంటె మంచి ఫొటో తీసే ఫోనుకు ఆ యాప్ రాలేదు. అధికారికంగా సింబియన్‌కు ఎన్నటికీ రాలేదు. మంచి ఫొటో తీసినవాడు దానిని ఎవరికి చూపాలి? నలుగురినీ పిలిచి ఆ తెరలోనే చూపాలి. ఆ తెర చూడబోతే నాలుగంగుళాలది, 640 చుక్కల పొడవు, 360 చుక్కల వెడల్పు. మొత్తం రెండు లక్షల ముప్ఫై వేల నాలుగు వందలు. కోట్లలో తీసి లక్షల్లో చూసుకోవలసిన స్థితి.

కవి విడిచినవి: చేతి వణుకును సరిదిద్దే ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఇందులో లేదు. అపర్చరు ఎఫ్/2.4 దగ్గర స్థిరం. మండుటెండలో కాంతిని తగ్గించటానికి ఎన్‌డీ ఫిల్టరు ఇచ్చారు. గుణాలలో విడిచినవీ ఉన్నాయి. కార్ల్ జైస్ లెన్సు, పక్కన కెమెరాకు ప్రత్యేకమైన మీట, మెమరీ కార్డుకు చోటు, ఊడదీసి మార్చుకోదగిన 1400 ఎంఏహెచ్ బ్యాటరీ, పెద్ద మోతలోనూ పగలని ధ్వనిని పట్టే మైకు. తేటగీతిలో ఇవన్నీ పట్టవు కనుక విడిచాడని సమర్థించాలి.

అలంకారము: వ్యాజస్తుతి. పైకి స్తుతి, లోపల నింద. లేదా పైకి నింద, లోపల స్తుతి. ‘కొనువాని పుణ్యమెంత’ అన్నచోట రెండూ పొసగుతాయి. అంతటి ఫొటోలు చూసే భాగ్యం కలిగింది కనుక పుణ్యాత్ముడు. అంతటి ఫోనుతో నెగ్గుకు రావాలంటే పుణ్యం దండిగా ఉండాలి కనుకనూ పుణ్యాత్ముడే.

ఉత్తరకథ: 2013 జూలైలో లూమియా 1020 వచ్చింది. మళ్లీ 41 మెగాపిక్సెళ్లు. సెన్సరు కాస్త చిన్నది, గూని తగ్గింది, వణుకు సరిదిద్దే ఏర్పాటు చేరింది. ఆత్మ మాత్రం విండోస్ ఫోన్; యాప్‌ల కరవు అక్కడా తప్పలేదు. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారమే మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. సిద్ధాంతం మాత్రం చావలేదు. ఇప్పుడు 108, 200 మెగాపిక్సెళ్ల ఫోన్లు తొమ్మిదేసి, పదహారేసి పిక్సెళ్లను కలిపి మామూలుగా 12 మెగాపిక్సెళ్ల ఫొటోలే ఇస్తున్నాయి. నాడు 808 ఏడింటితో చేసిన పనే ఇది. వాటి పిక్సెళ్లు మరీ చిన్నవి కనుక సంఖ్య పెరిగినంతగా వెలుతురు పెరగదని గ్రహించాలి.

నిర్ణయము

కెమెరాగా 808 ఆ కాలపు ఫోన్లలో అగ్రగణ్యం, ఫోనుగా నిరాధారం. కనుక కెమెరా కోసం ఫోను కొనేవారికి ఈ వ్యాఖ్యాత విన్నపం ఒక్కటే. దుకాణదారు మెగాపిక్సెళ్ల సంఖ్య చదవటం మొదలుపెట్టగానే ఆపి, సెన్సరు కొలత ఎంతో, సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ముందు అడగండి. రెండింటికీ సూటిగా జవాబు వస్తే కొనండి. రాకపోతే మీ పాత ఫోనే మరో ఏడాది వాడుకోండి.