లెక్క చెరుపువాడు: ఒక పద్యానికి టీకా తాత్పర్యం

 

మూలం:

కొన్న నాడు పూజ కొబ్బరికాయతో
చీటి యంటె నంత సెలవు లేదు
మూడు నిండినంత ముదిమి వచ్చినదాని
లెక్క చెరుపువాడు లేడు జగతి

అవతారిక: మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్ పరిసరాల్లో, చిలుకూరు దారి వెంట ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. కళాశాల అన్నాక ల్యాబులుంటాయి. ల్యాబుకో స్టాక్ రిజిస్టరు, రిజిస్టరుకో బీరువా, బీరువాకో తాళం. తాళంచెవి మాత్రం ఎక్కడైనా సరే, ఉద్యోగం మారి గచ్చిబౌలి వెళ్ళిపోయిన సారు దగ్గరే ఉంటుంది. పద్యం ఫలానా కళాశాల మీద చెప్పింది కాదు. బ్యాంకు, సచివాలయం, సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఎవరు చదివినా తమ మీదే అనుకుంటారు, అది వారి సంస్కారం. కర్త నేనే. పూర్వకవులకు వ్యాఖ్యాత దొరకడానికి శతాబ్దాలు పట్టేది. నాకంత ఓపిక లేక టీక కూడా నేనే రాసుకుంటున్నాను.

వ్యాఖ్యాతల్లో పెద్దదిక్కు మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసు మీద కలం పట్టాడు. స్టాక్ రిజిస్టరు రాసేవాళ్ళకు ఇంతకు మించిన నియమం లేదు. గదిలో లేనిది రాయకపోతే ఆడిట్ సగం అయిపోయినట్టే. ఆ నియమంలో రెండో భాగం నా వల్ల కాదని ముందే మనవి.

ప్రతిపదార్థం: కొన్న నాడు = పెట్టె విప్పిన రోజున (ఇన్‌వాయిస్ తేదీ వేరు); కొబ్బరికాయతో పూజ = కీబోర్డు మీద నీళ్ళు పడకుండా చేసే అర్చన; చీటి = అసెట్ ట్యాగ్; అంటెన్ = అంటుకొనెను; అంత = అటుపైన; సెలవు లేదు = విరమణ లేదు; మూడు = మూడేండ్లు ('ఏండ్లు' అధ్యాహారం, 'నెలలు' అని విద్యార్థుల వాదం); నిండినంత = నిండగానే; ముదిమి వచ్చినదాని = ముసలిదైన కంప్యూటరు యొక్క; లెక్క = రిజిస్టరులోని పద్దు; చెరుపువాడు = రైట్ ఆఫ్ కాగితం మీద సంతకం చేయువాడు (చేయునది కూడా లేదని పెద్దలు); జగతి = భూమి మీద, ముఖ్యంగా మూడో అంతస్తులో; లేడు = మీటింగులో ఉన్నాడు.

తాత్పర్యం: కొన్నప్పుడు అందరూ ఉంటారు. తీసేయాల్సి వచ్చినప్పుడు ఎవరూ ఉండరు.

విశేషాలు: 'కొబ్బరికాయ' దగ్గర పెద్దగా ఆగనక్కర్లేదు. ఇండెంటు, మూడు కొటేషన్లు, తులనాత్మక పట్టిక, ఆర్డరు, గేటు దగ్గర ఎంట్రీ. ఇవన్నీ మనవాళ్ళకు వచ్చు, కొనడంలో మనల్ని మించినవారు లేరు. కొనుగోలు నుంచి పారవేత దాకా ఒక పద్ధతి ఉండాలని 2006లో ఐఎస్ఓ 19770 అనే ప్రమాణం కూడా మొదలైంది. దాని సర్టిఫికెట్ గోడకు కట్టించే ఫ్రేము కూడా ఒక అసెట్టే, దానికీ ట్యాగ్ వేయాలి.

'చీటి' దగ్గర ఆగుదాం. చీటి క్యాబినెట్ మీద అంటిస్తారు. రెండేళ్ళకు ఒకదాని మదర్‌బోర్డు పోతుంది, పక్కదాని హార్డ్‌డిస్క్ పోతుంది. ల్యాబ్ అసిస్టెంటు సమర్థుడైతే రెండు శవాల నుంచి ఒక ప్రాణిని లేపుతాడు. ఇప్పుడది 17వ నంబరా, 18వ నంబరా? ఒకామె మొగుడికీ తమ్ముడికీ తలలు తారుమారైన కథలో బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగింది ఈ ప్రశ్నే. తల ఎవరిదైతే వాడే భర్త అన్నాడు రాజు. ఆ తీర్పు ప్రకారం హార్డ్‌డిస్క్ ఎటు ఉంటే నంబరు అటు పోవాలి. చీటి మాత్రం మొండేనికే అంటుకుని ఉంటుంది. రిజిస్టరులో ఇద్దరూ బతికే ఉంటారు.

ఒంటికి అంటించే చీటి సంగతి ఇది. ఒళ్ళే లేని సాఫ్ట్‌వేర్ మాటేమిటి? దానికి ధూళి పట్టదు, ఎలుక కొరకదు, కాబట్టి తనిఖీకి వచ్చినవారి కంటపడదు. ఉద్యోగి మానేసినప్పుడు నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ పుస్తకం దగ్గర్నుంచి క్యాంటీన్ బాకీ దాకా అన్నీ అడుగుతారు. అతని పేరు మీద ఏటేటా కడుతున్న లైసెన్సు గురించి అడగడం అరుదు. మనిషి వెళ్ళిపోయినా లాగిన్ జీతం తీసుకుంటూనే ఉంటుంది.

'మూడు నిండినంత': ముదిమిని నిర్ణయించే అధికారులు ఒకరు కారు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లకు ఆయుర్దాయం 3 ఏళ్ళు, సర్వర్లకు, నెట్‌వర్క్ సామగ్రికి 6 ఏళ్ళు. ఆదాయపు పన్ను లెక్క వేరు. అక్కడ ఏటా మిగిలిన విలువలో 40 శాతం తరుగు. 60,000 రూపాయల ల్యాప్‌టాప్ మొదటి ఏడు దాటేసరికి 36,000, తర్వాత 21,600, ఆపైన 12,960. ఎంత కోసినా ఎంతో కొంత మిగులుతుంది, సున్నా ఎన్నటికీ రాదు. ఆత్మకు నాశనం లేదన్న మాటకు పన్ను శాఖ ఇచ్చిన నిదర్శనమిది. మూడో అధికారి మైక్రోసాఫ్ట్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. ఆ మర్నాడు కూడా లక్షణంగా పనిచేసిన యంత్రాలు ఎన్నో. కొత్త విండోస్ వాటిలో కొన్నిటి ప్రాసెసర్‌ను చూసి లోపలికి రానివ్వలేదు. చట్టం దృష్టిలో ముసలి, పన్ను లెక్కలో చిరంజీవి, కంపెనీ మాటలో అనాథ. విద్యార్థి దృష్టిలో 'సార్, హ్యాంగ్ అయింది సార్'. ఇందులో నాకు నమ్మకం విద్యార్థి మీదే.

'లెక్క చెరుపువాడు': పద్యానికి ప్రాణం ఇక్కడుంది.

పూర్వపక్షం: చెరిపేవాడు లేడన్నది అతిశయోక్తి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 చూడండి. స్థిరాస్తులను ఏడాదికొకసారైనా కళ్ళారా సరిచూడాలి. పనికిరాని వస్తువును మిగులనో, కాలం చెల్లిందనో, నిరుపయోగమనో ప్రకటించవచ్చునని 217వ నియమం చెబుతోంది. కమిటీ కూడా వేసుకోవచ్చు. మరి లేడనడం ఎలా?

సిద్ధాంతం: ఆ నియమంలోనే జవాబుంది. వస్తువు ఎందుకు పనికిరాదో కారణం రాయవలసింది దాన్ని కొనే అధికారం ఉన్నవారే. అంటే కొబ్బరికాయ కొట్టిన కుర్చీలోంచే తర్పణం వదలాలి. నిర్లక్ష్యం వల్ల పాడైతే బాధ్యత ఎవరిదో తేల్చాలనీ అక్కడే ఉంది. ఇక ఎవరు ముందుకొస్తారు? సంతకం చేస్తే, బాగున్నదాన్ని ఎందుకు తీశారని రేపు అడుగుతారు. చేయకపోతే ఎవరూ ఏమీ అడగరు. పాడైన కంప్యూటరును దాచినందుకు మెమో అందుకున్న ఉద్యోగిని నేనింతవరకూ చూడలేదు. ప్రైవేటు సంస్థలకు ఈ నియమాలు వర్తించవు గానీ భయానికి ప్రైవేటు, ప్రభుత్వం అన్న తేడా లేదు.

చిలుకూరు బాలాజీకి కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. మన ఫైలుదీ ఇదే ఆచారం: కొనేటప్పుడు 11 బల్లలు, కండెమ్ చేసేటప్పుడు 108. ఫైలు తిరుగుతున్నంతకాలం యంత్రాలు మెట్ల కింది గదిలో. ఆ గది దగ్గర సంవాదం ఎక్కడైనా ఒకటే.

"గీ గదిల ఏమున్నయ్?"

"పాత సిస్టమ్స్ సార్."

"ఎన్నున్నయ్?"

"రిజిస్టర్ల అరవై ఉన్నయ్ సార్."

"నేనడిగింది గదిల."

"తాళం తియ్యాలె సార్."

చెరపవలసిన లెక్క ఇంకొకటుంది, హార్డ్‌డిస్క్‌లోది. మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్ళు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. ఫైళ్ళు డిలీట్ చేసినా, పైపైన ఫార్మాట్ కొట్టినా పేర్ల పట్టిక పోతుందే గానీ సరుకు అక్కడే ఉంటుంది. పూర్తిగా తిరగరాయాలి, లేదా పగలగొట్టాలి. ఇది చాదస్తం కాదు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ 2016లో డేటా సెంటర్ యంత్రాలను విరమింపజేసే పనిని, ఆ విద్యలో అనుభవం లేని ఇళ్ళసామాను తరలించే కంపెనీకి అప్పగించింది. కస్టమర్ల వివరాలు చెరగని యంత్రాలు కొన్ని ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబరులో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కొనుగోలు మీద అంతమంది పెద్దలు కూర్చుంటారు, వీడ్కోలు మాత్రం లారీవాడికి వదిలేస్తారు.

'జగతి': ఈ పదం ఊరికే పాదపూరణం కాదు. అజీజ్‌నగర్‌కు ఒకవైపు ఉస్మాన్‌సాగర్, మరోవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ నగరాన్ని కాపాడేందుకు కట్టిన చెరువులు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు వద్దని 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఆంక్షలు సడలించారు, అది సబబా కాదా అన్న వాదన ఇప్పట్లో తెగేది కాదు. జీవో ఉన్నా లేకున్నా పాత గాజుబుడ్డి మానిటరులో సీసం ఉంటుందన్నది మారదు. వాన కురిస్తే నీరు పల్లానికి పోతుందన్నదీ మారదు. 'పాత సామాన్లు కొంటాం' అని మైకులో అరుస్తూ వచ్చే బండికి అమ్మేస్తే లెక్క చెరిగినట్టు కనిపిస్తుంది, రాగి కోసం తీగలు ఎక్కడో కాలుతుంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నియమాలు జాబితాలోని 106 రకాల వస్తువులకు వర్తిస్తాయి. ఏడాదిలో ఎప్పుడైనా అలాంటివి వెయ్యి వాడిన సంస్థ పెద్ద వాడకందారు కింద లెక్క. అది తన చెత్తను రిజిస్టరైన రీసైక్లరుకో, రీఫర్బిషరుకో, ఉత్పత్తిదారుకో ఇవ్వాలి తప్ప బండివాడికి కాదు. వెయ్యి అంటే ఎక్కువనిపిస్తుంది గానీ ల్యాబులు, ప్రింటర్లు, హాస్టలు ఫ్రిజ్‌లు కూడితే పెద్ద కళాశాలకు అదేమంత దూరం కాదు.

అలంకారం: విషమం, అంటే పొంతన లేనివాటి పొత్తు. చీటి కన్నా జిగురు గట్టిది.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని 'లెక్క జరుపువాడె లెస్స జగతి' అని కొందరు చదువుతారు. ఛందస్సుకు లోటు లేదు, యతి కూడా కుదిరింది. ఈ పాఠం ప్రకారం ముసలి కంప్యూటరును కంప్యూటర్ సైన్స్ ల్యాబు నుంచి మెకానికల్‌కు, అక్కడి నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి బదిలీ చేస్తూ పోవాలి. ప్రతి బదిలీకీ ఇచ్చినవారి సంతకం ఒకటి, పుచ్చుకున్నవారి సంతకం ఒకటి. చెరిపినవారిది మాత్రం ఎక్కడా ఉండదు. కవిహృదయం మొదటి పాఠంలోనే ఉందని నా మతం. వాడుకలో ఉన్నది మాత్రం రెండోది.