హిస్టమిన్ సీసా చెప్పుకున్న కథ

హైదరాబాద్‌లోని ఒక అలర్జీ క్లినిక్. ఫ్రిజ్ అరలో చిన్న చిన్న సీసాలు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో వయ్యారిభామ పుప్పొడి సారం, ఇంకోదాంట్లో ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్‌ది, మరోదాంట్లో బొద్దింకది. పరీక్షకు వచ్చినవాళ్లు వాటి గురించి ఆత్రంగా అడుగుతారు. వరస చివరనున్న సీసాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందులో ఉన్నది అలర్జీలో ఉబ్బు, దురద పుట్టించే హిస్టమిన్, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. దానికి నోరొస్తే ముందుగా చెప్పుకునేది తన పని గురించే.

ముంజేతి లోపలివైపు పెన్నుతో గుర్తులు పెడతారు. గుర్తుకో చుక్క చొప్పున వేసి, ఆ చుక్క మీదుగా సన్నని లాన్సెట్‌తో చర్మాన్ని పైపైన గుచ్చుతారు. హిస్టమిన్ చుక్క పడినచోట కాసేపటికి దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది, చుట్టూ ఎర్రబడుతుంది, దురద పుడుతుంది. పావుగంటకల్లా సిస్టర్ స్కేలు పట్టుకొచ్చి కొలుస్తారు. పక్కనున్న సెలైన్ చుక్క ఉబ్బకూడదు. హిస్టమిన్ చుక్క కనీసం 3 మిల్లీమీటర్లయినా ఉబ్బాలి. ఉబ్బలేదంటే చాలాసార్లు కారణం ఒకటే: ఆ మనిషి సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రేదో వేసుకుని వచ్చి ఉంటారు. అప్పుడు మిగతా చుక్కల మాట నమ్మడానికి లేదు, మళ్లీ రావాల్సిందే. ఈ సంగతి చెప్పేటప్పుడు సీసా కాస్త గర్వంగానే చెబుతుంది.

తనను నింపిన ఫ్యాక్టరీ గురించి దానికి చెప్పాలని లేదు. చెప్పాలనుకునేది వంశం గురించి. 1907లో జర్మనీలో విండౌస్, ఫోగ్ట్ అనే రసాయన శాస్త్రవేత్తలు హిస్టమిన్‌ను తయారు చేశారు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి తెలియదు. 1910లో లండన్‌లో బార్జర్, హెన్రీ డేల్ అదే పదార్థాన్ని ఎర్గాట్‌లో కనిపెట్టారు. రై గింజల మీద పట్టే బూజు ఎర్గాట్. కాన్పులో నొప్పులు తెప్పించడానికి యూరప్ మంత్రసానులు తరాలుగా వాడిన మందు అది. ఆ బూజులో గర్భసంచిని ముడుచుకునేలా చేసేదేమిటని వెతుకుతుంటే హిస్టమిన్ చిక్కింది. అదే ఏడాది డేల్, లెయిడ్‌లా దాన్ని జంతువుల మీద పరీక్షించి చూస్తే గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుంది.

సీసాకు ఉన్న బాధంతా ఇక్కడే మొదలవుతుంది. హిస్టమిన్ శాస్త్రం కంట పడిందే స్త్రీ శరీరం గురించి వెతుకుతున్నప్పుడు. ఆ తర్వాత ఆ సంబంధం దాదాపు మరుగున పడిపోయింది. 1937లో డేనియల్ బోవె బృందం హిస్టమిన్‌ను అడ్డుకునే పదార్థాలను కనుక్కుంది, 1957లో బోవెకు నోబెల్ వచ్చింది. 1953లో రైలీ, వెస్ట్ మన ఒంట్లోని హిస్టమిన్‌లో చాలా భాగం మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల్లో ఉంటుందని తేల్చారు. ఇవన్నీ గొప్ప పనులే. కానీ లోకానికి గుర్తుండిపోయింది తుమ్ములు, ముక్కు కారడం, దద్దుర్లు, అవిల్ ఇంజెక్షను.

1995లో గ్రీస్ పరిశోధకులు చేసిన ఒక అధ్యయనాన్ని సీసా పదేపదే తలుచుకుంటుంది. అలర్జీ ఉన్న స్త్రీలకూ లేని స్త్రీలకూ నెలసరి చక్రంలో వేరువేరు రోజుల్లో ఇదే ప్రిక్ పరీక్ష చేశారు. చక్రం 12 నుంచి 16వ రోజు మధ్య, అంటే అండం విడుదలయ్యే వేళకు, ఈస్ట్రోజెన్ హార్మోను బాగా పెరిగి ఉండే రోజుల్లో, ఉబ్బు పెద్దదిగా వచ్చింది. మాస్ట్ కణాలను కదిలించే మార్ఫిన్‌కూ అంతే, పుప్పొడికీ అంతే. బయటి నుంచి వేసిన హిస్టమిన్ చుక్కకూ అంతే! కణాలు ఎక్కువ హిస్టమిన్ వదలడం ఒక్కటే కారణమైతే ఈ చివరిది జరగకూడదు. చర్మం కూడా ఆ రోజుల్లో ఎక్కువగా స్పందిస్తోందన్నమాట. అదే సీసా, అదే చుక్క, అదే చెయ్యి. మారింది రోజు మాత్రమే.

దీని వెనక ఏముందో కణాల స్థాయిలో కొంత తెలుసు. మాస్ట్ కణాలకు ఈస్ట్రోజెన్‌ను గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయి. ప్రయోగశాలలో ఈస్ట్రోజెన్ తగిలితే ఈ కణాలు హిస్టమిన్‌ను వదలడానికి మొగ్గుతాయి, ప్రొజెస్టెరాన్ తగిలితే వెనక్కి తగ్గుతాయి. అటునుంచి హిస్టమిన్ కూడా అండాశయ కణాలు ఈస్ట్రోజెన్ తయారు చేయడానికి తోడ్పడగలదని తేలింది. గర్భాశయం లోపలి పొరలోనూ మాస్ట్ కణాలు ఉంటాయి, నెలసరికి ముందు అవి తమ సరుకు బయటపెడతాయి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో పొర పెరగకూడని చోట పెరిగినప్పుడు, నొప్పి పుట్టించే నాడుల దగ్గర మాస్ట్ కణాలు గుమికూడి కనిపిస్తాయి. అలాగని ప్రతి స్త్రీ నొప్పికీ హిస్టమినే కారణమని అనేయడం తప్పు. ప్రయోగశాల పళ్లెంలో కనబడింది ఒంట్లోనూ అచ్చం అలాగే జరగాలని లేదు.

గర్భం వస్తే ఇంకో కథ. మాయ డయమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును విపరీతంగా తయారు చేస్తుంది. హిస్టమిన్‌ను విరగ్గొట్టడమే దాని పని. మామూలు రోజులతో పోలిస్తే రక్తంలో దాని మోతాదు వందల రెట్లు పెరుగుతుంది, కాన్పు కాగానే పడిపోతుంది. గర్భసంచిని బిగించే పదార్థం బిడ్డ దరిదాపులకు రాకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటు ఇదని అనుకుంటారు. ఇంత కాపలా ఉన్నా, గర్భిణుల్లో ఉబ్బసం సుమారు మూడోవంతు మందికి తగ్గుతుంది, మూడోవంతు మందికి పెరుగుతుంది, మిగతావాళ్లకు ఉన్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. రజస్వల వయసు దాటాక లెక్క తిరగబడి ఆడవాళ్లలో ఎక్కువవుతుంది. ఉబ్బసం ఉన్న స్త్రీలలో 20 నుంచి 40 శాతం మంది నెలసరి ముందు ఆయాసం పెరుగుతుందని చెబుతారు.

చెబుతారు, వినేవాళ్లుంటే. క్లినిక్‌లో సీసా విన్న మాటలు ఇవి.

"మాత్ర ఆపి ఎన్నాళ్లయిందమ్మా?"

"వారం దాటింది సిస్టర్. డేట్ దగ్గరికొస్తే చాలు, ఒళ్లంతా దద్దుర్లు. డేట్ వచ్చిన రెండు మూడు రోజులకి వాటంతటవే పోతాయి."

"సరే, చెయ్యి కదపకండి."

అంతే. ఆవిడ రోగం గురించి అన్నిటికన్నా పనికొచ్చే మాట ఆ గదిలోనే గాలికి పోయింది. నెలసరికి కొద్దిరోజుల ముందు పుట్టి, అది మొదలయ్యాక తగ్గే దద్దుర్లను వైద్యులు 1921లోనే వర్ణించారు. 1964లో అమెరికాలో షెల్లీ బృందం వాటికి ప్రొజెస్టెరాన్‌తో ఉన్న సంబంధాన్ని చూపింది. మాస్ట్ కణాలను మామూలుగా నెమ్మదింపజేసే హార్మోనే కొందరి ఒంటికి పడదు. అరుదైన జబ్బే. కానీ దాన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రం కాదు, దద్దుర్లు వచ్చిన తేదీ, నెలసరి తేదీ పక్కపక్కన రాసిన ఒక క్యాలెండరు.

ఇలా ఇక్కడ వినిపించుకోని మాట బయట వ్యాపారమవుతోంది. అలసటకూ తలనొప్పికీ పొట్ట ఉబ్బరానికీ హిస్టమినే మూలమని చెప్పి, రక్తంలో డయమైన్ ఆక్సిడేజ్ కొలుస్తామనీ మాత్రలు అమ్ముతామనీ వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ రక్తపరీక్ష ఒక్కదానితో జబ్బు నిర్ధారణ కాదు. దాన్ని నమ్మి పెరుగు, పచ్చళ్లు, చేప, టమాటా అన్నీ మానేసి చిక్కిపోతున్న ఆడవాళ్లను తలుచుకుంటే సీసాకు నిజంగా కోపం వస్తుంది. ఏళ్లతరబడి చెవిన పెట్టకపోవడం ఒక అన్యాయం, ఆ చెవిటితనాన్ని సొమ్ము చేసుకోవడం ఇంకో అన్యాయం.

ఇక దాని రోజులు దగ్గరపడ్డాయి. లేబుల్ మీద గడువు తేదీ ఉంది. అడుగున ఇంకా కాస్త ద్రవం మిగిలే ఉంటుంది, అయినా ఆ తేదీ దాటితే పసుపు సంచిలోకి పోవాల్సిందే. గుచ్చిన లాన్సెట్లు ఎప్పటికప్పుడే తెల్ల డబ్బాలోకి పోయాయి. చెయ్యి తుడిచిన దూదీ వెళ్లిపోయింది. ఇన్ని నెలలుగా ఇన్ని చేతుల మీద దాని చుక్క ఎంతెంత ఉబ్బిందో ఎవరూ మళ్లీ చూడరు. రిజిస్టరులో దాని గడిలో ఉన్నది ఒక్క టిక్కు గుర్తే. 3 దాటిందా లేదా అన్నదే కావాలి. 5 వచ్చినా 8 వచ్చినా ఆ టిక్కే. ఆ తేడా ఆ రోజు ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో కొంతైనా చెబుతుందని దానికి తెలుసు, చెప్పే దారి లేదు.

రిజిస్టరులో వయసుకు గడి ఉంది, స్త్రీయా పురుషుడా అన్నదానికి ఉంది, వాడుతున్న మందులకు ఉంది. ఇంకొక్క గడి గీయమని సీసా అడుగుతోంది. అందులో టిక్కు కాకుండా కొలత రాయాలి, పక్కనే చివరిసారి నెలసరి వచ్చిన తేదీ రాయాలి. స్కేలు ఎలాగూ చేతిలోనే ఉంది. పావుగంట ఎలాగూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే ఉంటారు, ఆ ప్రశ్న అడగడానికి అర నిమిషం పట్టదు.